పల్లె ప్రశాంతత ఎవరిది?

ప్రతి సంవత్సరం మొదటి తరగతి విద్యార్థులకు నేను ఒక వ్యాసం రాయమని ఇస్తాను. విషయం: మా ఊరు. మదనపల్లె కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది పల్లెల వాళ్లే. పుంగనూరు వైపు నుంచి, కుప్పం వైపు నుంచి, కొండల అవతల తండాల నుంచి వస్తారు. వాళ్ల ఊళ్లు ఒకదానిలా మరొకటి వుండవు. అయినా నలభై వ్యాసాలు దిద్దితే ముప్పయ్యింటిలో ఒకే ఊరు కనిపిస్తుంది. ఆ ఊళ్లో పచ్చని పొలాలు వుంటాయి, సెలయేరు వుంటుంది, సాయంకాలం గుడిగంట మోగుతుంది, జనం కల్లాకపటం ఎరగరు. చివరి వాక్యం దాదాపు అందరిదీ ఒకటే: "మా ఊరు ప్రశాంతమైన ఊరు."

వెయ్యి అడుగులు తవ్వినా బోరులో నీళ్లు పడని ఊరి పిల్లవాడు సెలయేటిని గురించి ఎందుకు రాశాడు? అబద్ధం ఆడదామని కాదు. ఊరును గురించి రాయడమంటే అలా రాయాలని అతనికి మనమే నేర్పాము. మనకు మన గురువులు నేర్పారు. వారికి ఎవరు నేర్పారని వెనక్కు వెళితే, ఆ దారి కొంతవరకు మన కావ్యాల్లోకీ, కొంతవరకు ఇంగ్లీషు రీడర్లలోకీ పోతుంది. మన భావకవుల తరం కాలేజీల్లో చదువుకున్నది ఇంగ్లీషు కవిత్వం. 1751లో గ్రే ప్రకటించిన శ్మశాన గీతమూ, 1770లో గోల్డ్‌స్మిత్ రాసిన పాడుపడిన పల్లె కావ్యమూ పాఠాలుగా ఎన్ని తరాలు చదివాయో లెక్క లేదు. ఒక చర్చి, చర్చి చుట్టూ సమాధులు, మంచివాడైన గురువు, పచ్చిక బయలు, పొద్దు వాలే వేళ గంట - ఇదీ ఇంగ్లండులోని 'పారిష్'. ఆ పల్లె బొమ్మను మనం దిగుమతి చేసుకొని, చర్చి బదులు గుడిని పెట్టుకున్నాము.

ఆ ఇంగ్లీషు పల్లె అయినా నిజంగా ప్రశాంతంగా వుండేదా అన్నది మొదటి ప్రశ్న. 1604 నుంచి 1914 వరకు ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు వేసే చట్టాలు అయిదువేలకు పైగా పార్లమెంటులో ఆమోదం పొందాయి. ఆ చట్టాల కింద సుమారు 68 లక్షల ఎకరాలు సొంత ఆస్తులుగా మారాయి. ఆవును మేపుకునే బీడు, కట్టెలేరుకునే పొద బీదవాడి చేయి దాటిపోయాయి. గోల్డ్‌స్మిత్ కావ్యం పేరులోనే ఆ పల్లె పాడుపడిందని వున్నది. మనం చదువుకున్నది మాత్రం పాడుపడక ముందటి వర్ణనలు. 1783లో జార్జి క్రాబ్ అనే కవి, తాను చర్చి గురువై వుండి కూడా, పల్లెలో తాను కళ్లారా చూసిన ఆకలినీ రోగాన్నీ రాశాడు. మన రీడర్లలో గ్రేకూ గోల్డ్‌స్మిత్‌కూ దొరికిన చోటు క్రాబ్‌కు దొరకలేదు.

పారిష్ అన్నది ఒక అందమైన దృశ్యం మాత్రమే కాదు, ఒక శాసనం. 1601 నాటి బీదల చట్టం ప్రకారం బీదవాణ్ని పోషించే బాధ్యత అతని పారిష్‌ది. ఇది మంచి మాటే. కాని 1662 నాటి చట్టం ప్రకారం, రేపు మన మీద భారం కాగలడని తోచిన పరాయివాణ్ని పారిష్ నుంచి పంపివేయవచ్చు. గంజి పోసే చేయే గీత గీసే చేయి కూడా.

1834లో డార్సెట్ జిల్లా టాల్‌పడిల్ గ్రామంలో జరిగినదాన్ని పాఠకులు గుర్తుచేసుకోవాలి. కూలి తగ్గించవద్దని ఆరుగురు వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. ఆ నిషేధం 1824లోనే రద్దయింది. మరి వారిని శిక్షించడం ఎలా? 1797లో నౌకాదళంలో తిరుగుబాటు వచ్చినప్పుడు రహస్య ప్రమాణాలకు వ్యతిరేకంగా చేసిన చట్టం ఒకటి మూలన పడివుంది. దాన్ని బయటికి తీశారు. ఆరుగురికీ ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపారు. దేశమంతటా ఆందోళన లేచాక 1836లో క్షమాభిక్ష ఇచ్చారు. కూలి అడిగినందుకు శిక్షిస్తున్నామని ఎవరూ అనలేదు. దొరల అసలు కోపం ఒకటి, కాగితం మీద రాసిన మాట మరొకటి. ఈ సంగతిని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన నాకే అది ఎంత అర్థమయిందో ముందు రాయబోతున్నాను.

మదనపల్లె ప్రాంతం మొదటినుంచీ ప్రశాంతతను వెతుక్కుంటూ వచ్చేవారి చోటు. కలెక్టరు హార్స్‌లీ ఎండలకు తాళలేక ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు; కొండకు ఆయన పేరే నిలిచింది. 1915లో అనీబిసెంట్ ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించింది. 1919లో రవీంద్రుడు వచ్చి, ఆ కళాశాలలో వుండి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడు. 1895లో ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రేరణతో రిషివ్యాలీ పాఠశాల వెలిసింది. 1915లోనే ఊరికి దగ్గరగా ఆరోగ్యవరంలో క్షయరోగులకు శానటోరియం తెరిచారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచిగాలి, పుష్టికరమైన తిండి, కదలకుండా పడకమీద విశ్రాంతి - ఇదే వైద్యం. అక్కడికి వచ్చినవారిని నేను పరిహసించడం లేదు. దగ్గి దగ్గి సొమ్మసిల్లిన మనిషి కొండగాలి కోరుకోవడంలో తప్పేమీ లేదు.

కాని ఆ కథకు రెండవ అధ్యాయం వుంది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం కొందరు రోగులకు శానటోరియంలోనూ, కొందరికి వారి ఇళ్లలోనూ ఒకే మందులు ఇచ్చి చూసింది. 1959లో ఫలితాలు ప్రకటించారు. నగరపు బీదవాడల్లో, ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండి తింటూ మందులు వాడినవారికి కూడా దాదాపు శానటోరియం రోగులతో సమానంగానే నయమయింది. అంటే, మందు వచ్చాక, కొండగాలికీ నిశ్శబ్దానికీ మనం కట్టబెట్టిన మహిమ నిలవలేదు. బీదవాడికి ఇంతకన్న మంచి కబురు ఏముంటుంది? అతనికి కావలసింది కొండ కాదు, మందు. ప్రశాంతత చేసే పని ఏది, ప్రశాంతత పేరు పెట్టుకొని మరొకటి చేసే పని ఏది అని విడదీసి చూడవచ్చునని నాకు మొదట తోచింది ఈ ఉదంతం చదివినప్పుడే.

ఇక నా సంగతి. నేను కుప్పంలో, 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాను. మదనపల్లెలో ఉద్యోగం దొరికాక, పరిశోధన గ్రంథం రాసుకోవడానికి నిశ్శబ్దం కావాలని, పుంగనూరు దారిలో ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఆ పల్లె పేరు ఇక్కడ అనవసరం. పగలు కాలేజీ, సాయంత్రం బస్సు దిగి వేపచెట్టు కింద ఇల్లు, రాత్రి చిమ్మెటల చప్పుడు. మొదటి ఆరునెలలు నా స్నేహితులకు ఉత్తరాల్లో రాసిన మాట నాకింకా జ్ఞాపకం వుంది: "ఇది ప్రశాంతమైన ఊరు." నా విద్యార్థుల వ్యాసాల్లో ఎర్రసిరాతో గీత పెట్టే వాక్యమే ఇది.

ఆ నిశ్శబ్దానికి కారణాలు మెల్లమెల్లగా తెలిసివచ్చాయి. మొదటిది, ఊళ్లో వయసువాళ్లు లేరు. బెంగుళూరులో గోడలు కడుతున్నారు, ఆఫీసుల ముందు కాపలా కాస్తున్నారు. కుప్పంలో చదువుకునే రోజుల్లో తెల్లవారకముందే స్టేషన్లో సద్దిమూటలతో నిలబడే జనాన్ని నేను చూశాను. పొద్దున బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగివచ్చి పడుకునేవారు. అలాంటి ఊరు పగలు నిశ్శబ్దంగా వుండక మరేమవుతుంది? రెండవది, నీళ్లు లేవు. ఎద్దులు పోయాయి, కపిల బావులు పూడిపోయాయి. నీళ్లున్న నాలుగు బోర్ల కింద టమాటా పెడతారు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలో పేరున్నదే, కాని ధర పడిపోయిన ఏడు కాయను కోసిన కూలి కూడా రాదు. రైతు తెచ్చిన కాయను రోడ్డు పక్కనే పారబోసి వెళ్లిపోతాడు. ఎవరితో పోట్లాడాలో తెలియని మనిషి మౌనం అది. బస్సులో పోయేవాడికి అది కూడా ప్రశాంతతగానే కనిపిస్తుంది.

ఇక్కడ పుంగనూరు ఆవును గురించి ఒక మాట చెప్పాలి. అది మేక కన్న కాస్త పెద్దదిగా వుండే పొట్టిజాతి. కరువు నేలలో, ఎండు గడ్డి తిని, కొంచెం మేతకే పాలిచ్చే గుణం వున్నందువల్ల బీద రైతుకు అక్కరకు వచ్చింది. సంకరజాతి ఆవులు వచ్చాక దాదాపు అంతరించే స్థితికి చేరింది. ఇప్పుడు నగరాల్లో సంపన్నులు లక్షలు పెట్టి కొని, మెడలో మువ్వలు కట్టి, హాల్లో తిప్పుకుంటున్నారు. జాతి మిగిలినందుకు సంతోషమే. కాని పుంగనూరు చుట్టుపక్కల బీదరైతు ఇంటి ముందు ఆ ఆవు కనిపించదు. పల్లెలో చప్పుడూ పేడా మనుషులూ లేకుండా, పల్లె నుంచి ఒక ముద్దులొలికే ముక్కను మాత్రం కోసుకొని ఇంట్లో పెట్టుకోవడం సాధ్యమేనని ఇది రుజువు చేస్తున్నది. మన సాహిత్యం పల్లెతో చేసిన పని కూడా చాలావరకు ఇదే.

మూడవ కారణం నాకు చివరిగా, బాధతో తెలిసింది. ఊరికి వంక అవతల దళితవాడ వుంది. అందులో మిషన్ కాలం నాటి చిన్న చర్చి వుంది. శ్మశానం ఊరికి ఇవతల వైపు. శవాన్ని ఊరి వీధి గుండా తెస్తే అయిదు నిమిషాల నడక. కాని వాడవాళ్లు ఎన్నడూ అలా తేలేదు. వంకలో దిగి, ముళ్లపొదల వెంట చుట్టూ తిరిగి పోయేవారు. ఇది ఆచారం అనేవారు. వంకలో నీళ్లు లేనన్నాళ్లు ఆచారం సాగింది. ఒక కార్తీకంలో తుఫాను వానలు పడి వంక పొంగింది. ఆ రాత్రే వాడలో ఒక ముసలామె చనిపోయింది. మర్నాడు ఆమె కొడుకులు పాడెను ఊరి వీధి గుండా, డప్పులు కొట్టుకుంటూ తీసుకుపోయారు. మరొక దారి లేదు. అరుగుల మీద వున్నవాళ్లు లేచి లోపలికి పోయారు.

మూడోనాడు ఊరి పెద్దలు నలుగురు నా ఇంటికి వచ్చారు. అధికారులకు ఇవ్వదలచిన అర్జీ ఒకటి చేతికిచ్చి, "రవంత మాట సరిచేసి ఇయ్యండి అయ్యవారూ, మీరు సదువుకున్నోళ్లు" అన్నారు. అందులో, పీనుగను ఊళ్లోకి తెచ్చి మైల చేశారని రాసివుంది. నాకు ఆ మాట ఏవగింపు కలిగించింది. "ఈ రోజుల్లో ఇలా రాయకూడదండీ" అన్నాను. 'మైల చేశారు' అన్నది కొట్టివేసి, 'గ్రామ ప్రశాంతతకు భంగం కలిగించారు' అని రాశాను. సంతకం పెట్టలేదు. సంతకం పెట్టనందుకు ఆ రాత్రి కొంత గర్వపడ్డాను కూడా.

నేను చేసిన పని ఏమిటో చూడండి. దళితులు ఆనవాయితీగా నడిచే హక్కున్న దారిని అడ్డుకోవడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. 'మైల' అన్న మాట ఆ అర్జీలో వుండివుంటే, చదివిన అధికారికి అర్జీ పెట్టినవారి మనసు తెల్లకాగితం మీద నల్లగా కనిపించేది. నేను ఆ మాట తీసివేసి, ఎవరూ కాదనలేని మాట పెట్టాను. కులాన్ని తుడిచివేసి శబ్దాన్ని నేరం చేశాను. టాల్‌పడిల్ కూలీల మీద కూలి మాట ఎత్తకుండా ప్రమాణం మాట ఎత్తిన తెలివే ఇది. తప్పును దిద్దుతున్నాననుకొని తప్పును దాచిపెట్టాను. తెలుగులో ఎం.ఏ. పట్టా ఆ ఊరికి చేసిన సేవ అది.

అధికారుల సమక్షంలో రెండు పక్షాలవారినీ పిలిచి మాట్లాడారు. ఊరి ప్రశాంతత దృష్ట్యా పాత ఆచారమే సాగాలని తేల్చారు. ఆ సమావేశంలో అర్జీ చదివిన ఆయన, మాటలు బాగున్నాయని ఎవరో అంటే, "మన అయ్యవారే సరిచేసినారు" అని సంతోషంగా చెప్పాడట. ఆ గదిలో, చనిపోయిన ముసలామె మనవడు వున్నాడు. అతను నా విద్యార్థి. మర్నాడు తరగతి అయ్యాక నా దగ్గరకు వచ్చి, గొంతు పెంచకుండా, "ఆ మాట మీరే రాసిచ్చినారంట గదా సార్?" అన్నాడు. అవునన్నాను. కాసేపు నిలబడి, "గంగమ్మ జాతరకు మా నాయన అదే వీధిలో అదే డప్పు కొడతాడు సార్. అప్పుడు ఎవురికీ భంగం కాదు" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. దేవర ముందు మోగితే సంగీతమైన డప్పు, కొట్టేవాడి తల్లి పాడె ముందు మోగితే శబ్దమయింది. కనుక ఊరు కోరింది నిశ్శబ్దాన్ని కాదు. ఎవరు ఎప్పుడు మోగాలో చెప్పే అధికారాన్ని.

ఇక్కడ మళ్లీ ఇంగ్లీషు పారిష్ జ్ఞాపకం వస్తుంది. దానిలోని అన్యాయాలను పైన చెప్పాను. కాని ఒక మాట ఒప్పుకోవాలి. పారిష్‌లో కాపురమున్న మనిషికి, ఎంత బీదవాడయినా, పారిష్ చర్చి ఆవరణలో పూడ్చబడే హక్కు వుండేది. గ్రే తన గీతంలో తలచుకున్నది అనామకులైన పల్లెవాళ్ల సమాధులనే. వాళ్లు సమాధి దాకా ఏ దారిన వచ్చారన్న ప్రశ్న ఆ కవికి తట్టలేదు. తట్టవలసిన అవసరం లేకపోయింది. ఆ కవిత్వాన్ని మనం మన పల్లెకు అతికించినప్పుడు, ఆ కవి అడగనక్కర లేకపోయిన ప్రశ్నను మనం కూడా అడగకుండా వూరుకున్నాము.

దీనిమీద రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది నా అభ్యుదయ మిత్రులదే: "పల్లె అంటేనే ఇంత. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగసభలోనే పల్లె మీద భ్రమలు వదలమన్నాడు. పల్లెను వదిలి పట్నానికి పో." అంబేడ్కర్ చెప్పినదాంట్లో నిజాన్ని నేను కాదనను. కారంచేడులో 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర అభ్యంతరం చెప్పినందుకు ఆరుగురిని చంపారు; చుండూరులో 1991లో ఎనిమిదిమందిని చంపారు. అంతకుముందు ఆ ఊళ్లను కూడా బయటివాళ్లు ప్రశాంతమైనవనే అనుకొని వుంటారు. అయినా, పట్నానికి పోవడం నా విద్యార్థికి దారి చూపుతుందేమో గాని, వాళ్ల అవ్వ పాడెకు దారి చూపదు. వెళ్లగలిగినవాడు వెళ్లిపోయాక కూడా వంక పొంగుతూనే వుంటుంది.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది: "ప్రశాంతత మంచిది కాదా? నీవు రొదను కీర్తిస్తున్నావా?" లేదు. పగలంతా కాయ కోసి వచ్చిన వాడలోని ఆడమనిషికి రాత్రి నిద్ర కావాలి. గుడి మైకూ చర్చి మైకూ రెండూ ఆమెకు శత్రువులే. నిశ్శబ్దం అందరికన్న ఎక్కువగా కావలసింది ఆమెకే. కాని తెలుగులో రెండు మాటలు వున్నాయి: నెమ్మది ఒకటి, ఊరుకోవడం ఒకటి. వ్యుత్పత్తి వేరయినా, ఊరుకోవడం అన్న మాటలో ఊరు వినిపించడం నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. తగవు తీరాక వచ్చేది నెమ్మది. తగవు ఎత్తితే ఏమవుతుందో తెలిసి మానేసేది ఊరుకోవడం. బయటినుంచి చూస్తే రెండింటికీ తేడా కనిపించదు. తేడా తెలియాలంటే ఒక్క ప్రశ్న అడగాలి: ఈ నిశ్శబ్దం చెదిరితే దెబ్బ తగిలేది ఎవరికి? అందరికీ సమానంగా అయితే అది నెమ్మది. ఒక్క పక్షానికే అయితే అది బెదిరింపు, ప్రస్తుతానికి మాటాడని బెదిరింపు.

ఆ ప్రశ్న నాకే వేసుకున్నాను. అర్జీలోని మాట నాదనీ, దాని కింద కొట్టివేసిన మాట ఏమిటనీ, నా పేరుతో, నా సంతకంతో రాసి అధికారులకు పంపాను. పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. కోపంగా కాదు, చాలా మర్యాదగా. నాకు దెబ్బ అంతే. ఉద్యోగం వుంది, జీతం వుంది, మదనపల్లెలో బస్సుల రొద వినిపించే గది దొరికింది. వాడవాళ్లకు అంత తేలిగ్గా పోలేదు. ఆ ఏడు టమాటా కోతకు వాళ్లను పిలవలేదు. దారి మాట ఇది రాసేనాటికి తేలలేదు. నా విద్యార్థి పరీక్ష రాసి వెళ్లిపోయాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు వుందనుకోను.

ఈ సంవత్సరం నుంచి వ్యాసం విషయం మార్చాను. 'మా ఊరు' అనడం మానేసి, 'మా ఊళ్లో ఎవరు ఏ దారిన నడుస్తారు?' అని ఇచ్చాను. నలభై వ్యాసాలూ నలభై రకాలుగా వచ్చాయి. కొందరు ఖాళీ కాగితాలు ఇచ్చారు. వాటికి కూడా కారణం వుంటుంది కనుక మార్కులు తగ్గించలేదు. సాటి రచయితలకు నా మనవి ఒకటే. పల్లెను గురించి రాయండి, చెట్టునూ చేనునూ వర్ణించండి. కాని 'ప్రశాంతం' అన్న మాట కలం కొనకు వచ్చినప్పుడు, దాని కింద ఏ మాటను కొట్టివేస్తున్నామో ఒకసారి చూసుకొని రాయండి.